కొండబడిలో ఛాత్రోపాధ్యాయుడు – పరిశీలకుని తూనిక

ఛాత్రోపాధ్యాయుడు పాఠము చెప్పునపుడు అతనిని పరీక్షింప వచ్చిన పరిశీలకునకు తరగతిగది వెనుక భాగమున ఒక కుర్చీ వేయుట మన పాఠశాలలలో పాతుకొనిపోయిన ఆచారము. అచ్చట కూర్చున్న పెద్దమనిషికి ఉపాధ్యాయుని ముఖము కనబడును, నల్లబల్ల కనబడును, గోడకు వ్రేలాడుచున్న పటము కనబడును, ఆ పటము వంకరగా నున్నచో ఆ వంకర కూడ కనబడును. పిల్లలవి మాత్రము వీపులే కనబడును. ఎవరి కొరకు పాఠము జరుగుచున్నదో వారి కన్నులలో వెలుగు పుట్టినదో, పుట్టలేదో ఆ కుర్చీ నుండి తెలియదు. ఆయన చేతిలోని మార్కుల పత్రమును సైతము ఎవరో ఆ కుర్చీలో కూర్చుండియే తయారు చేసిరా యనిపించును. అందులోని గడులలో అధికభాగము ఉపాధ్యాయుడు ఏమి చేసెనని అడుగునవే గాని, పిల్లలకు ఏమి జరిగినదని అడుగునవి కావు.

ఒకవైపు శిష్యుడు, ఒకవైపు గురువు – ఈ రెండింటి నడుమ నున్న అవస్థకు ఛాత్రోపాధ్యాయుడను పేరు చక్కగా అమరినది. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో చేసిన నిబంధనల ప్రకారము ప్రాథమికోపాధ్యాయ శిక్షణకైనను, బి.ఇడి. పట్టమునకైనను గడువు రెండు సంవత్సరములు. అందు కనీసము 20 వారములు అభ్యర్థి పాఠశాలలోనే గడపవలెను. ఆ వారములలో అతని బోధనను చూచి, ఇతడు పనికివచ్చునా, రాడా యని తేల్చు భారము శిక్షణ సంస్థ నుండి వచ్చు అధ్యాపకునిపైనను, పాఠశాలలోని పెద్ద ఉపాధ్యాయునిపైనను ఉండును. పట్టణపు బడిలో ఈ తీర్పు కొంత సుకరము. విశాఖ మన్యమున, అరకులోయ చుట్టునుగల తూర్పుకనుమలలో అది అంత సులభము కాదు. తూనికరాళ్ళు మైదానములో తయారైనవి. తూచవలసిన సరకు కొండమీదిది.

ఆ తూనికరాళ్ళ సంగతి మొదట చూడవలెను. తెలుగు పాఠ్యపథకము వ్రాసిన వారెవరికైనను ఉన్ముఖీకరణము, శీర్షికాప్రకటన, ఆదర్శపఠనము, ప్రకాశపఠనము, మౌనపఠనము, పునర్విమర్శ, ఇంటిపని – అను సోపానములు కంఠస్థములై యుండును. వీని మూలపురుషుడు జర్మను తత్త్వవేత్త హెర్బార్టు. ఆయన 1776లో పుట్టి 1841లో గతించెను. ఆయన చెప్పిన మెట్లు నాలుగే. శిష్యులు వానిని ఐదు చేసిరి. దేశదేశముల శిక్షణ కళాశాలలు వానికి ఇంకను కొన్ని చేర్చుకొనినవి. శిష్యులు గురువును మించుట మెచ్చదగినదే గాని, మెట్లు పెరిగిన కొలది ఎక్కువాడు మెట్లనే చూచుచు, ఎక్కవలసిన ఇంటిని మరచు ప్రమాదము కలదు. శీర్షికను ప్రకటించుట మరచినందుకు రెండు మార్కులు పోవును. ఆ శీర్షికలోని మాట పిల్లలలో ఒక్కరికిని తెలియకపోయినచో ఎన్ని మార్కులు పోవునో పత్రములో ఉండదు.

ఇట్టి పత్రములను నింపువారు ఎంత నిష్పక్షపాతులైనను ఒక పొరపాటునకు లోనగుదురని 1920లోనే ఎడ్వర్డు థార్న్‌డైక్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు చూపెను. ఆయన పరిశీలించినది బడిపంతుళ్ళను కాదు, సైన్యములోని అధికారులను. పైయధికారులు తమ క్రింది వారి శరీరదార్ఢ్యమునకు, తెలివితేటలకు, నాయకత్వమునకు, స్వభావమునకు వేరువేరుగ మార్కులు వేసినను, ఒక గుణము నచ్చిన వానికి అన్ని గుణములలోను ఎక్కువ మార్కులే పడినట్లు తేలినది. కంఠము ఖంగున మ్రోగువానికి విషయజ్ఞానము గూడ మెండుగ నున్నట్లు తోచుట, దస్తూరి ముత్యములవలె నున్నచో పిల్లలయెడ ప్రేమ గూడ ఉన్నట్లు భావించుట ఆ కోవలోనివే. మాటకారి యగు మైదానపు యువకునకును, నెమ్మదిగా మాటలాడు కొండదొర లేక గదబ కుటుంబపు యువతికిని ఒకే పరిశీలకుడు ఒకే దినమున మార్కులు వేయవలసివచ్చినపుడు ఈ పొరపాటు ఎవరికి లాభించునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఉపాధ్యాయుని గాక పిల్లలనే పరీక్షించిన కాలము ఒకటి లేకపోలేదు. 1862లో ఇంగ్లండున వచ్చిన నిబంధనల ననుసరించి, ఇన్‌స్పెక్టరు వచ్చిన దినమున పిల్లలు ఎంత చదివిరి, ఎంత వ్రాసిరి, ఎన్ని లెక్కలు చేసిరి యను దానిపై బడికి ధనసహాయము ఆధారపడి యుండెను. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున చెన్నపురి రాజధానిలోను ఫలితములనుబట్టి గ్రాంటు నిచ్చు ఈ పద్ధతి నడచినది. బిడ్డ నోటనుండి వచ్చిన ప్రతి ముక్కకు వెల కట్టిరి గనుక పంతుళ్ళు ముక్కలనే పండించిరి. మహాకవియు, విమర్శకుడును అగు మాథ్యూ ఆర్నాల్డు 1851 మొదలు 35 ఏండ్లు పాఠశాలల ఇన్‌స్పెక్టరు ఉద్యోగము చేసి, ఈ పద్ధతి బోధనను యంత్రప్రాయము చేయుచున్నదని తన ప్రభుత్వమునకే మొగమాటము లేక నివేదించెను. పిల్లలను చూచుట వేరు, పిల్లల నుండి రాబట్టుట వేరు.

ఇక కొండబడి. విశాఖపట్టణము నుండి కిరండూలు పోవు రైలుమార్గము అనంతగిరి కొండలను సొరంగముల గుండ దాటి అరకులోయను చేరును. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతము పాడేరు కేంద్రముగా గల అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. వలిసెలు పూచినపుడు చేలన్నియు పసుపుపచ్చగా నుండు ఆ లోయను చూడ వచ్చు యాత్రికులకు అది ఒకే ప్రదేశము. అచ్చటి బడికి వచ్చిన ఉపాధ్యాయునకు మాత్రము అది నాలుగైదు భాషల కూడలి. కొండదొరలలో కొందరి ఇంటిభాష కొండ లేక కూబి, ఖోందులది కువి, గదబలలో కొందరిది తెలుగుతో చుట్టరికమే లేని ముండా కుటుంబపు భాష, సంతలో పసుపు, మిరియాలు బేరమాడునపుడు పలువురిని కలుపునది ఆదివాసీ ఒరియా. వీరందరి పిల్లలును ఒకే బల్లపై కూర్చుండి తెలుగు వాచకము తెరతురు.

ఆ పిల్లల తప్పులు వినదగినవి. ఒరియాలో క్రియకు స్త్రీపుంభేదము లేదు. తండ్రి వచ్చినను, తల్లి వచ్చినను క్రియారూప మొక్కటే. కావున ఆదివాసీ ఒరియా ఇంటిభాషగా గల పిల్లవాడు తెలుగున "అమ్మ వచ్చాడు" అనిన ఆశ్చర్యము లేదు. ఒరియా లిపిలో ఇకార ఈకారములు రెండును ఉన్నను ఉచ్చారణలో వానికి భేదము లేదు. అందుచే ఆ పిల్లవాని నోట పీట పిట కావచ్చును, చీర చిర కావచ్చును. అతని ప్రక్కనే కూర్చున్న కొండభాష పిల్లకు ఈ చిక్కులు లేవు. ఆమె భాష తెలుగునకు జ్ఞాతి. అమ్మ వచ్చినది, అయ్య వచ్చినాడు అను భేదము ఆమెకు పుట్టుకతో తెలియును. ఆమెకు వచ్చు చిక్కు వేరు. తెలుగున స్త్రీవాచకములు ఏకవచనమున అమహత్తులతో చేరి, బహువచనమున మహత్తులతో చేరుననునది మన వ్యాకరణములు చెప్పు విషయమే: అక్క వచ్చినది, అక్కలు వచ్చినారు. కొండ, కువి భాషలలో ఈ మార్పు లేదు. అచ్చట స్త్రీలు ఏకవచనమున ఏ పక్షముననున్నారో బహువచనమునను ఆ పక్షముననే యుందురు. కావున ఆ పిల్ల "అక్కలు వచ్చాయి" అనిన, అది అగౌరవము కాదు, అశ్రద్ధయు కాదు. ఆమె తల్లిభాషలోని క్రమము. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతమున తిరిగి కొండభాషను శోధించి 1969లో ప్రకటించిన వ్యాకరణమును చూచినవారికి ఆ భాషలో ఎంతటి నియమబద్ధత కలదో తెలియును.

ఒకే బల్లపై ఇద్దరు పిల్లలు, రెండు రకముల తప్పులు. ఒక ఛాత్రోపాధ్యాయురాలు మొదటివానితో "అమ్మ వచ్చింది, నాన్న వచ్చాడు" అను ఆట ఆడించుచు, రెండవదానిని ఆ ఆటలో చేర్చక వేరొక పని నిచ్చినదనుకొందము. వెనుక కుర్చీలో నున్న పరిశీలకునకు అది ఎట్లు కనబడును? ఒక పిల్లవానిపైననే కాలమంతయు వెచ్చించినదని కనబడును. రెండవ పిల్ల చేసిన తప్పును వెంటనే దిద్దలేదని కనబడును. "విద్యార్థుల భాషాదోషములను సవరింపవలెను" అని పత్రమున ఒక వాక్యము పడును. ఆమె చేసినది నిజమునకు ఆ దినమున ఆ తరగతిలో జరుగగలిగిన కార్యములలో మిక్కిలి సూక్ష్మమైనది. ఆ సూక్ష్మత తెలియవలెనన్న పరిశీలకునకు ఆ రెండు భాషలు వచ్చి యుండనక్కరలేదు. రెండు తప్పులును ఒక్కటి కావని అనుమానించు చెవి యున్న చాలును.

తప్పుల కంటె చిక్కైనది మౌనము. 1960లలో అమెరికాయందు నెడ్ ఫ్లాండర్సు అను విద్యావేత్త తరగతిగదిలోని సంభాషణను మూడేసి క్షణముల కొకమారు నమోదు చేయు పద్ధతిని రూపొందించెను. మన బి.ఇడి. విద్యార్థులకు అది సుపరిచితమే. అందు పది గడులు గలవు. ఏడు ఉపాధ్యాయుని మాటకు, రెండు విద్యార్థి మాటకు, మిగిలిన పదవది నిశ్శబ్దమునకును, గందరగోళమునకును కలిపి. నిశ్శబ్దమును, గందరగోళమును ఒకే గడిలో నుంచుట యంత్రమునకు సౌకర్యమే కావచ్చును గాని, కొండబడిలో ఆ రెండింటికిని దూరమెంతో! ప్రశ్నను తెలుగున విని, దానిని మనస్సులో కువిలోనికి మార్చుకొని, సమాధానమును కువిలో వెదకి, మరల తెలుగుచేసి పలుకవలసిన ఎనిమిదేండ్ల బిడ్డకు పట్టు వ్యవధి గందరగోళము కాదు. అది పని. 1970లలో మేరీ బడ్ రో అను పరిశోధకురాలు, ప్రశ్న వేసిన పిదప ఉపాధ్యాయులు సగటున ఒక్క క్షణము మాత్రమే వేచియుందురనియు, ఆ వ్యవధిని మూడు క్షణములకు పెంచినంతనే పిల్లల సమాధానములు నిడుపై, "తెలియదు" అనుట తగ్గిపోవుననియు కనుగొనెను. అవి తమ సొంతభాషలో చదువుకొను పిల్లల తరగతులు. రెండు భాషల మధ్య రాకపోకలు చేయు బిడ్డకు మూడు క్షణములును చాలకపోవచ్చును.

మౌనమునకు సంఘధర్మము గూడ కారణము కావచ్చును. ఆరిగన్ రాష్ట్రములోని వార్మ్ స్ప్రింగ్సు అను ఆదిమవాసుల గ్రామసీమలో సూజన్ ఫిలిప్సు చేసిన పరిశోధన 1972లోను, 1983లోను వెలువడినది. పదిమంది ఎదుట ఒంటరిగా నిలిచి పెద్దల ప్రశ్నకు బదులు చెప్పుట యచ్చటి పిల్లల ఇండ్లలో వాడుక కాదు. అట్లు లేపి అడిగినపుడు మూగవోవు ఆ పిల్లలే తమలో తాము గుంపుగా కలిసి పనిచేయునపుడు చురుకుగా మాటలాడిరి. మన కొండలకు ఆ సూత్రమును యథాతథముగ అన్వయించుట తొందరపాటగును. కాని, చేయి కలిపి గిరిగీసి థింసా ఆడు ఊరి పిల్లలను ఒక్కొక్కరినే లేపి నిలబెట్టి అడుగుట కంటె నలుగురిని కూర్చుండబెట్టి చింతపిక్కలు లెక్కపెట్టించుట మేలని కనుగొన్న ఛాత్రోపాధ్యాయుడు, ఏ పరిశోధనను చదువకయే, ఆ సత్యమును సమీపించినవాడు. వ్యక్తిగత ప్రశ్నల సంఖ్య చాలలేదని అతని మార్కులు తగ్గింపబడకుండ గాక!

చింతపిక్కల ప్రస్తావన వచ్చినది గనుక బోధనసామగ్రిని గూర్చి ఒక్కమాట. పరీక్షదినమున మైదానమునుండి తెచ్చిన రంగురంగుల అట్టబొమ్మలకు పడు మార్కులు గెడ్డ ఒడ్డున ఏరిన రాళ్ళకు పడుట అరుదు. అట్టబొమ్మలు ఛాత్రోపాధ్యాయునితోనే వచ్చి అతనితోనే పోవును.

కొండబడులలో పెక్కింట ఇంకొక చిక్కు కలదు. అవి ఏకోపాధ్యాయ పాఠశాలలు. ఒక్క గది, ఒక్క ఉపాధ్యాయుడు, ఐదు తరగతులు. నలువది నిమిషములు, ఒక తరగతి, ఒక పాఠ్యాంశము అను లెక్కతో వ్రాసిన పాఠ్యపథకము ఆ గదిలో కాలు మోపగానే చెదరిపోవును. మూడవ తరగతికి గుణింతము చెప్పుచుండగా ఒకటవ తరగతి బిడ్డ పలక పగులగొట్టును. ఐదవ తరగతివాడు లెక్క ముగించి కిటికీ ఎక్కును. ఇట్టిచోట నెగ్గు ఉపాధ్యాయుని గుణమేది? డిట్రాయిటు నగరమున పనిచేసిన జేకబ్ కూనిన్ 1970లో ప్రకటించిన గ్రంథము ఈ ప్రశ్నకు పనికివచ్చును. అల్లరి జరిగిన పిదప ఉపాధ్యాయుడు ఎట్లు మందలించెనను దానినిబట్టి సమర్థుడెవడో, అసమర్థుడెవడో తెలియలేదట. తేడా అంతయు అల్లరికి ముందే యుండెను. తనకు వెనుకను కన్నులున్నవని పిల్లలకు తెలియజేయుట, రెండు పనులను ఒకేమారు జారిపోకుండ నడుపుట – ఈ రెండును సమర్థుల లక్షణములని ఆయన కనుగొనెను. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఈ రెండవ గుణము లేనివాడు వారము దినములు నిలువలేడు. అయినను మన పత్రములలో దానికి గడి వెదకవలసినదే. అంతియే కాదు, పరిశీలకుడు వచ్చునను వార్త తెలిసిన దినమున తక్కిన నాలుగు తరగతులను చెట్టుక్రింద కూర్చుండబెట్టి, ఒక్క తరగతితోనే ప్రదర్శన పాఠము నడుపుట గూడ కద్దు. ఆ దినమున చూచినది పాఠమే గాని, ఆ బడి కాదు.

తనిఖీకి వచ్చినవాడు చూడవలసినదానిని చూచిన ఉదాహరణము తెలుగుదేశ చరిత్రలోనే, ఈ కొండల దాపుననే కలదు. 1907లో జె. ఎ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చెను. తరగతులు తిరిగి చూచిన ఆయనకు ఒక సంశయము కలిగినది. పిల్లలు ఇంట మాటలాడు తెలుగునకును, బడిలో చదువు తెలుగునకును ఇంత ఎడమేల? ఆ ప్రశ్నను ఆయన మార్కుల పత్రమున దాచుకొనక నలుగురిని అడిగెను. విశాఖపట్టణమున ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులగు పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు గురజాడ అప్పారావుగారిని, గిడుగు రామమూర్తిపంతులుగారిని చూపిరి. తరువాతి కథ వ్యావహారిక భాషోద్యమ చరిత్ర. అది పాఠకులకు విదితమే. గ్రంథభాషాభిమానులకు ఆ చరిత్ర సాంతముగ రుచింపకపోవచ్చును. అయినను తనిఖీ విద్యకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. ఆ ఇన్‌స్పెక్టరు చూపు పంతులుగారిపై ఆగిపోలేదు; పిల్లవాని వరకు పోయినది.

రామమూర్తిపంతులుగారు అప్పటికే అంతకంటె కష్టమైన మార్గమున నడచి యుండిరి. 1863లో జన్మించిన ఆయన పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులు. పరిసరములలోని కొండలనుండి వచ్చు సవరలను చూచి, తెలుగును సవరమును రెండును వచ్చిన వ్యక్తిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. సవరలో పాఠపుస్తకములు వ్రాసిరి. సొంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తామే జీతములిచ్చి, సవరపిల్లలకు సవరలోనే చదువు చెప్పించిరి. చెన్నపురి ప్రభుత్వము 1913లో రావుబహద్దరు బిరుదమిచ్చినది. ఆయన సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. పంతులుగారిని నేటి మార్కుల పత్రముతో పరీక్షించినచో ఏమగునో ఊహింపవచ్చును. ఉచ్చారణకు, విషయపరిజ్ఞానమునకు పూర్తి మార్కులు పడును. ఉపాధ్యాయుడుగా ఆయన చేసిన అన్నిటికంటె పెద్దపని – పిల్లవాని భాషను తానే మొదట నేర్చి, పిదప తన భాషను వానికి నేర్పుట – దానికి మాత్రము గడి లేదు.

గోదావరికి ఆవల, ఆదిలాబాదు కొండలలో, ఇంకొక ప్రయోగము జరిగినది. 1943లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము తెరపించెను. మైదానమునుండి పట్టభద్రులను దింపుటకు మారుగా కొద్దిపాటి చదువు గల గోండు యువకులనే ఎంచుకొని, గోండి వాచకములతో వారిని తీర్చిదిద్దిరి. ఎన్నికలోనే తీర్పు ఇమిడియున్నది. ఊరిలో నిలుచువాడు, ఊరివారు తమవాడనుకొనువాడు మొదట కావలెను; పాఠ్యపథకము తరువాత నేర్పుకొనవచ్చును – ఇది వారి లెక్క. మన శిక్షణ సంస్థల లెక్క దీనికి తలక్రిందులు.

ఈ విషయము ఇప్పుడు వట్టి విద్యాశాస్త్ర చర్చ కాదు; కొండ యువతీయువకుల జీవనోపాధికి సంబంధించినది. 2000 జనవరి 10వ తేదీని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మూడవ సంఖ్య ఉత్తర్వు వెలువరించి, షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయ పదవులనన్నిటిని స్థానిక గిరిజనులకే కేటాయించినది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టున ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నూటికి నూరుపాళ్ళ కేటాయింపు రాజ్యాంగసమ్మతము కాదని ఆ ఉత్తర్వును కొట్టివేసినది. అప్పటికే నియమితులైన వారిని తొలగింపలేదు. న్యాయశాస్త్రము మాట ఎట్లున్నను, ఫలితముగా కొండవాడు మైదానపువానితో పక్కపక్కన నిలిచి తన యోగ్యతను నిరూపించుకొనవలసి వచ్చినది. అట్టి స్థితిలో యోగ్యత యన నేమి, ఎవరు కొలుతురు, దేనితో కొలుతురు అను ప్రశ్నలకు బరువు హెచ్చినది. కువి, కొండ, గదబ భాషలు వచ్చి యుండుటను కొలత పత్రము గుణముగ లెక్కింపదు. ఆ భాషల యాస తెలుగున దొర్లినచో దోషముగ మాత్రము లెక్కించును.

భాష అవసరమని ప్రభుత్వమునకు తెలియక కాదు. ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బోధన సాధ్యమైనంతవరకు బిడ్డ మాతృభాషలో నుండవలెననుచున్నది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా – ఈ ఎనిమిది భాషలలో తెలుగులిపితో వాచకములు తయారుచేసి మాతృభాషాధార బోధన ప్రారంభించిరి. వాచకము వచ్చినది. ఆ వాచకముతో పాఠము చెప్పు ఛాత్రోపాధ్యాయుని పరీక్షింప వచ్చినవానికి అందలి ఒక్క వాక్యమును తెలియనపుడు ఆయన దేనికి మార్కులు వేయవలెను? ఊరిలోని చదువుకొన్న పెద్ద నొకనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అర్థము తెలిసికొనుట ఒక దారి. అట్లు చేయుట తమ పదవికి లోపమని తలచువారు రామమూర్తిపంతులుగారి ఇంట నివసించిన ఆ దుబాసీని ఒకమారు తలచుకొనవలెను.

ఇంతమాత్రమున కొండలో పుట్టిన ప్రతివాడును మంచి ఉపాధ్యాయుడే యనుట అసత్యము. ఇంటిభాష ఎంత చక్కగా వచ్చినను భిన్నముల లెక్కలో తానే తడబడువాడు పిల్లలకు అన్యాయము చేయును. వాడు మనవాడని జాలిపడి మార్కులు వేయు పరిశీలకుడు అంతకంటె పెద్ద అన్యాయము చేయును. ఏలయనగా ఆ జాలి మూల్యమును చెల్లించువారు ఆ కొండపిల్లలే. మైదానమునుండి వచ్చి, మూడు నెలలలో సంతభాష పట్టుకొని, ఇటుకల పండుగనాడు బడి ఎందులకు ఖాళీగా నుండునో తెలిసికొని, అంతకుముందే పాఠము ముగించుకొను వారును కలరు. పుట్టుకను కాక, చెవిని తూచవలెననుటయే ఇచ్చటి వాదము. పరిశీలకుల పక్షమునను చెప్పవలసినది కొంత కలదు. ఒకే దినమున కొండకొక బడి చొప్పున రెండు మూడు బడులు చూడవలసివచ్చినపుడు, వానలో దారి తెగినపుడు, ప్రతి బడిలో ముప్పది నిమిషములైనను కూర్చుండుట గగనము. ముప్పది నిమిషములలో కనబడునది నల్లబల్ల. పిల్లవాని మార్పు ముప్పది నిమిషములలో కనబడదు. ఇరువది వారముల మొదట ఒకమారు, చివర ఒకమారు అదే బిడ్డ ప్రక్కన కూర్చున్నవానికి కనబడును.

అనుభవము పండిన పరిశీలకులు కొందరు వేరు దారి పట్టుదురు. పాఠము ముగిసిన పిదప ఛాత్రోపాధ్యాయుని ప్రక్కకు పిలిచి, పునర్విమర్శ ఏల విడిచితివని అడుగరు. కిటికీ ప్రక్కన కూర్చున్న ఆ పిల్ల ఎవరు, ఆమెను ఒక్క ప్రశ్నయు ఏల అడుగలేదు అందురు. పేరు తెలియక తడుముకొనువారు ఉందురు. పిల్లల పేర్లపట్టీ వెదకువారు ఉందురు. "ఆ పిల్ల వారం రోజులు రాలేదు సార్. చెల్లిని చూసుకోడానికి ఇంట్లో ఉంచేశారు. వాళ్లమ్మతో మాట్లాడితే నిన్నే పంపించింది. మొదటిరోజే లేపి అడిగితే మళ్లీ రాదని ఊరుకున్నాను. రేపు లెక్కల్లో అడుగుతాను, అవి దానికి బాగా వచ్చు" అని చెప్పగలవారును ఉందురు. అట్టి బదులు విన్న పరిశీలకుడు పత్రములోని గడులన్నిటిని ఒకమారు చూచి, దానిని త్రిప్పి, వెనుకవైపు తెల్లగా నున్న చోట నాలుగు వాక్యములు వ్రాసికొనును. అప్పటికి కొండ దిగు ఆఖరి బస్సు వేళ యగును.